గొర్రెపిల్ల కుడి చెవి

గొప్పలు చెప్పుకోవడం మంచిది కాదంటారు. నేను చెప్పుకుంటాను. జపాన్ బొమ్మల సీరియళ్లలో తప్పులు పట్టడంలో నాకంటే మొనగాళ్లు మా ముదిగుబ్బ చుట్టుపక్కల లేరు. ఆ మాటకొస్తే ఆ సీరియళ్లు చూసేవాళ్లే ఈ పక్క తక్కువ. అది వేరే సంగతి.

తెలుగులో డబ్ చేసినవి చిన్నప్పుడు టీవీలో చూసేదాన్ని, తర్వాత ఫోన్లో. కథ ఎటు పోతోందో నాకు పెద్దగా పట్టేది కాదు. తలుపు దగ్గర హీరో కుడి భుజానికి ఉన్న సంచి గదిలోకి రాగానే ఎడమ భుజానికి ఎలా వచ్చిందన్నదే నా బాధ. ఒక వంటామెకు గరిటె పట్టుకున్న చేతికి ఆరు వేళ్లుంటాయి. యుద్ధానికి బయల్దేరిన గుంపులో ఒకే గడ్డం మనిషి మూడు చోట్ల నిలబడి ఉంటాడు. గీసేవాళ్లకు కూడా పొద్దు చాలదు కదా, ఒకసారి గీసినదాన్నే అక్కడక్కడా అతికిస్తారు. నేను ఊరుకుంటానా? ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ చూసి, నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని.

మాటల సంగతి ఇంకా సంబరం. వాళ్లు తినే అన్నం ముద్దను ఒక ఎపిసోడ్‌లో లడ్డూ అంటారు, తర్వాతి దాంట్లో ఇడ్లీ అంటారు. ఆ లడ్డూలో ఉప్పు సరిపోయిందా అని అడిగే సీను కూడా ఉంది, నా మీద ఒట్టు. చెప్పాల్సిన మాట అయిపోయినా బొమ్మ నోరు ఇంకా కదులుతుంటే, "అంటే... సరే మరి... అలాగే కానివ్వండి" అని సాగదీస్తారు. ముసలి రాజుకూ కాపలావాడికీ చేపలమ్మేవాడికీ ఒకే గొంతు. ఆ ముగ్గురూ ఒక గదిలో చేరి గొడవపడే సీనులో నవ్వి నవ్వి నాకు కడుపు నొప్పి వచ్చింది.

"ఇరవై నాలుగేండ్లొచ్చినాయి, ఇంగా బొమ్మలు చూసి పళ్లికిలిస్తాండాది," అనేది మా అమ్మ, చేటలో రాళ్లు ఏరుతూ. "రేపు ఎవురన్నా వచ్చి ఏం పనొచ్చునని అడిగితే ఇదే చెప్తావా మే?"

"చెప్తా. ఏం, సిగ్గుపడాల్నా?" అనేదాన్ని. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. అమ్మ దగ్గర ఇంకాస్త ఎక్కువ.

మా నాయన ఏమీ అనేవాడు కాదు. ఆయనది జీవాల పని. పొద్దున్నే గొర్రెల మందను తోలుకొని గుట్ట వైపు పోతే పొద్దు వాలినప్పుడే రావడం. మనిషి మాట్లాడేదే తక్కువ. కానీ ఒకరోజు టీ అంగడి ముందు ఎవరో ఆయన్ను అడగడం నేను విన్నాను. "ఏమప్పా, మీ పాప ఏం చేస్తాండాది?" నాయన టీ గ్లాసులోకి చూస్తూ, "చదువుతాండాది," అన్నాడు. నా డిగ్రీ అయిపోయి అప్పటికి రెండేళ్లు. జీవితంలో అబద్ధం చెప్పి ఎరగని మనిషి, నా కోసం చెప్పాడు. ఆయన నోట ఆ మాట మళ్లీ రాకుండా చేయాలని గట్టిగా అనుకున్నాను.

అనుకుంటే అయిపోతుందా? అయితే ఆ సీరియళ్లు చూసేవాళ్ల గుంపు ఒకటి ఫోన్లో ఉంది. నేను పట్టిన తప్పుల జాబితాలు అందులో పెట్టేదాన్ని. ఒకాయన వాటిని చూసి, హైదరాబాదులో డబ్బింగ్ చేసే ఒక స్టూడియోవాళ్లు తప్పులు చూసే మనిషి కోసం వెతుకుతున్నారనీ, ఇంట్లో కూర్చునే చేసే పని అనీ చెప్పాడు. రాశాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. ఇంకా ప్రసారం కాని ఒక ఎపిసోడ్ పంపుతారు, ఇరవై నాలుగు నిమిషాలది. బొమ్మలోనూ మాటలోనూ కనిపించిన ప్రతి తప్పునూ, ఏ నిమిషంలో ఏ సెకనులో ఉందో సహా రాసి, రెండో రోజు సాయంత్రం అయిదింటికల్లా పంపాలి. కింద లావు అక్షరాల్లో ఇంకో మాట ఉంది: పరీక్ష ఎవరికి వారే రాయాలి, ఇంకొకరి సాయం తీసుకున్నట్టు తెలిస్తే మీ పత్రం చూడం.

సాయమా? నాకా? చదివి నవ్వుకున్నాను. ఈ పనిలో నాకు సాయం చేసే మనిషి ఇంకా పుట్టలేదు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

ఆ వారమే నాయన పాదంలో తుమ్మ ముల్లు లోతుగా దిగి కాలు వాచింది. మంద వెంట అమ్మ పోయింది, నాయన ఇంట్లో నులకమంచం మీద కాలు చాపుకొని పడుకున్నాడు. గుట్టకు పోని రోజు ఆయనకు ఏం చేయాలో తెలియదు. ఇంటి వాసాలు లెక్కపెట్టుకుంటూ నా కంప్యూటర్ వైపు చూస్తున్నాడు. నేను ఆయన్ను పట్టించుకోలేదు. ఎపిసోడ్ పెట్టి నోటుపుస్తకం తెరిచాను.

కథ చిన్నదే. ఒక కొండ ఊళ్లో గొర్రెలు కాసుకునే పాప. తాత ఆమెకొక గొర్రెపిల్లనిచ్చి, గుర్తు కోసం దాని చెవికి చిన్న గాటు పెడతాడు. గాలివానలో అది తప్పిపోయి పక్క ఊరి ఆసామి మందలో తేలుతుంది. అది నాదే అంటాడు ఆసామి. పంచాయితీ జరుగుతుంది. పాప గొర్రెపిల్ల తల పట్టుకొని చెవి చూపించి, "ఇదిగో చూడండి, ఎడమ చెవికి గాటు. మా తాత పెట్టాడు," అంటుంది. కథలో పాపదే నిజం. ఆసామి దొంగ.

మొదటి రోజు పొద్దు వాలేసరికి ముప్పై ఒక్క తప్పులు పట్టాను. తాత మెడలోని పూసలు ఒక షాట్‌లో నీలం, ఇంకో షాట్‌లో పచ్చ. గాలివానలో తడిసిన పాప జుట్టు తలుపు తీయగానే పొడిగా ఉంది. పంచాయితీ సీను నాకు పండగే. ఊరి పెద్ద మాట ముగించాక కూడా ఆయన నోరు మూడు సెకన్లు ఊరికే ఆడుతుంది. వెనక నిలబడ్డ జనంలో ఇద్దరు ఒకే మనిషి. ఆ సీనును ఎన్నిసార్లు వెనక్కి జరిపానో లెక్కలేదు. మంచం మీద నాయనకు కూడా దాన్ని అన్నిసార్లూ చూడక తప్పలేదు పాపం.

రెండో రోజు మధ్యాహ్నం రెండు దాటింది. ముప్పై ఎనిమిదికి చేరాను. ఇక అయిపోయింది, ఒకసారి సరిచూసి పంపడమే అనుకుంటూ ఒళ్లు విరుచుకున్నాను. అప్పుడు నాయన అన్నాడు.

"ఆ పాప అబద్ధం చెప్తాండాది మే."

"ఏ పాప?"

"అదే, ఆ బొమ్మ పాప. ఆ గొర్రిపిల్ల దాంది కాదు."

నాకు చిర్రెత్తింది. "నాయనా, అది కథ. పాపే హీరోయిన్. గొర్రెపిల్ల పాపదే. ఆ లావుపాటాయన దొంగ."

"హీరోయిన్ అయితే? చెవి చెప్తాండాది కదా. వాళ్ల తాత గాటు పెట్టింది ఎడమ చెవికి. ఆడ పంచాయితీలో పట్టుకొని చూపించేది కుడి చెవి. ఇది వేరే జీవం. ముఖం ఒకే తీరు ఉండాదని పాప తన మందలో కలుపుకోవాలని చూస్తాండాది."

"ఊరకే ఉండు నాయనా, నీకు తెలీదు. చూపిస్తా ఉండు," అని విసురుగా వెనక్కి జరిపాను. తాత గాటు పెట్టే చోట ఆపాను. ఎడమ చెవి. పంచాయితీ దగ్గర ఆపాను.

కుడి చెవి.

మళ్లీ చూశాను. పాప నోటి నుంచి "ఎడమ చెవికి గాటు" అని వస్తోంది, చేతిలో ఉన్నది కుడి చెవి. అప్పుడు మిగతావి కూడా కనబడ్డాయి. పాప శాలువా ముడి ఎడమ భుజం నుంచి కుడికి మారింది. ఎడమ నడుముకు కట్టుకున్న పిల్లనగ్రోవి కుడి నడుముకు వచ్చింది. షాట్ మొత్తాన్ని అద్దంలో చూసినట్టు తిప్పేశారు. వేరే చోట గీసిన షాట్‌నే ఇక్కడ మళ్లీ వాడుకోవాలంటే, పాప ఆసామి వైపు తిరిగి ఉండాలి కాబట్టి అలా చేసి ఉంటారు. ఇలా తిప్పడం మామూలే, నేను గతంలో ఎన్నో పట్టాను. కానీ ఇది మామూలు తిప్పడం కాదు. కథంతా ఆ గాటు మీదే నిలబడి ఉంది. ఎపిసోడ్ మొత్తంలో అసలు తప్పు అదొక్కటే. పెద్దాయన నోరు మూడు సెకన్లు ఆడిందని మురిసిపోతూ నేను దాన్ని వదిలేశాను. గొర్రెల ఇంట్లో పుట్టి, గొర్రె చెవి చూడలేదు! తల కొట్టేసినట్టయింది నాకు.

మా పక్క జీవాలకు చెవి గాటే గుర్తు. ఒక్కో ఇంటికి ఒక్కో తీరు. మాది ఎడమ చెవి కొసన చీలిక, కుడి చెవికి ఏమీ ఉండదు. వేసవిలో నీళ్ల దగ్గర రెండు మూడు మందలు కలిసిపోతే చెవులు చూసి విడదీస్తారు. తగాదా వస్తే మా నాయన్ను పిలుచుకుపోతారు, ఆయన చూసి ఎవరిదంటే వాళ్లది. దాని మీద మాట ఉండదు. ఒకసారి మా అమ్మ తమ్ముడికీ ఇంకెవరికో ఒక పొట్టేలు మీద తగాదా వచ్చింది. నాయన చెవి తడిమి చూసి, పాత గాటు మీద కొత్త గాటు పెట్టి ఉందనీ, అది మామది కాదనీ నలుగురిలో చెప్పేశాడు. మామ రెండేళ్లు మా గడప తొక్కలేదు. అమ్మ ఆరు నెలలు నాయనతో సరిగా మాట్లాడలేదు. నాయన మాత్రం కుక్కిన పేనులా పడి ఉన్నాడే తప్ప చెప్పిన మాట మార్చలేదు.

నేనొక్కదాన్నే పెంచుకున్నాననుకున్న ఈ కన్ను ఎక్కడిదో అప్పుడు తెలిసింది. దొడ్డిలో నూరు తలల మధ్య, "మనది కానిది యాడుందో పట్టు చూద్దాం," అని నాయన నాతో ఆడించిన ఆట గుర్తొచ్చింది. ఆట అనే అనుకున్నాను అప్పుడు.

గడియారం రెండున్నర చూపిస్తోంది. "నాయనా, ఇట్లా లేచి కూర్చో," అని దిండు వేసి, మొదటి నుంచి పెట్టాను. ఇంకా ఏమైనా పడతాడేమోనని ఆశ. పట్టాడు.

"అది మేక అరుపు. గొర్రెకు ఆ గొంతు రాదు." రాసుకున్నాను. ఎన్నిసార్లు విన్నానో ఆ అరుపు! మేక గొంతు వేరని తెలిసీ చెవికి పట్టలేదు.

"పాలు తాగే పిల్ల తోక ఆడించకుండా ఉంటాదా యాడన్నా?"

"అది తప్పు కాదు నాయనా, గీసేవాళ్ల బద్ధకం."

"బద్ధకం తప్పు కాదా?"

అదీ రాసుకున్నాను. పంచాయితీ దాకా వచ్చేసరికి నాలుగు దాటింది, ఇక ఆపేసి శుభ్రంగా టైపు చేయడం మొదలుపెట్టాను. ముప్పై ఎనిమిది నావి. ముప్పై తొమ్మిది, నలభై, నలభై ఒకటి నాయనవి. అక్కడికొచ్చి చేతులు ఆగిపోయాయి. లావు అక్షరాల మాట కళ్ల ముందు కదిలింది. సాయం తీసుకున్నట్టు తెలిస్తే పత్రం చూడరు. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? తీసేస్తే అసలు తప్పు పోతుంది. నాదని రాసుకుంటే ఉద్యోగం దాదాపు ఖాయం.

"ఏం మే, పంపలేదా ఇంగా?" అన్నాడు నాయన. సంగతి చెప్పాను.

"దానికేమి? నీదే అని రాసుకో. నాకు నువ్వు వేరా?"

నాకు కోపం వచ్చింది. ఆయన మీదో నా మీదో తెలియని కోపం. "మామ నీకు వేరా మరి? ఆ రోజు నలుగురిలో పొట్టేలు మామది కాదని ఎందుకు చెప్పినావు? మామదే అనుంటే సరిపోయేది కదా. అమ్మ కూడా సంతోషపడేది."

నాయన వాచిన కాలిని చేత్తో నిమురుకున్నాడు. ఉద్యోగం నాకు ఎంత అవసరమో ఆయనకు తెలుసు. టీ అంగడిలో ఆ మాట చెప్పినప్పుడు ఆయనకు ఎంత కష్టమయిందో నాకు తెలుసు. చివరికి, "అయితే ఉండేది ఉన్నట్టు రాయి," అన్నాడు.

రాశాను. ముప్పై తొమ్మిది నుంచి నలభై ఒకటి దాకా నేను పట్టినవి కావు, మా నాయన పట్టారు, ఆయన గొర్రెల కాపరి అని రాశాను. అయిదుకు పది నిమిషాలుండగా పంపేసి కంప్యూటర్ మూసేశాను. వేరేవాళ్ల గాటున్న జీవాన్ని నా మందలో కలుపుకోను అనుకుంటే గుండె తేలికయింది. మర్నాటికి మళ్లీ బరువెక్కింది, అబద్ధమెందుకు. ఎంత తెలివితక్కువదాన్ని అని నన్ను నేనే తిట్టుకున్నాను.

మంద నుంచి వచ్చాక అమ్మకు తెలిసింది. "ఆయప్పకు బుద్ధి లేదు, దానికీ లేదు. తండ్రీ కూతుళ్లకు సరిపోయింది," అంది. ఆ తిట్టు నాకు భలే నచ్చింది. తండ్రీ కూతుళ్లం ఒకే గంపలో పడ్డాం కదా.

అయిదో రోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. స్టూడియోలో ఆ విభాగం చూసే ఆవిడ. గొంతు పొడిపొడిగా ఉంది.

"మేం పెట్టిన నిబంధన చదివారా?"

"చదివానండి."

"చదివి కూడా అలా రాశారా?"

"రాశానండి. అవి నావి కావు కాబట్టి."

కాసేపు అటువైపు కాగితాలు తిప్పిన చప్పుడు. "నిబంధన అంటే నిబంధనే. ఆ మూడు వరుసలూ కొట్టేశాను. పత్రం మొత్తం పక్కన పెట్టాలన్నారు ఇక్కడ, నేనే ఒప్పుకోలేదు. మిగతా ముప్పై ఎనిమిదితో కూడా మీరే ముందున్నారు. సోమవారం నుంచి పని పంపిస్తాం." నేను ఇంకా నోరు తెరవకముందే ఆవిడే అంది, "ఆ చెవి సంగతి పరీక్ష రాసినవాళ్లెవరికీ కనబడలేదు. మేం నలుగురం చూశాం, మాకూ కనబడలేదు. బొమ్మను మేం మార్చలేం. మాట మార్చి మళ్లీ రికార్డు చేశాం, 'ఈ చెవికి గాటు' అని. మీ నాన్నగారు దగ్గరుంటే ఒకసారి ఇవ్వండి."

నా చెవుల్లో సోమవారం అన్న మాట ఒక్కటే మోగుతోంది. స్పీకర్ పెట్టి ఫోన్ నాయన చేతికిచ్చాను. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నమస్కారమండీ. మేమింతమందిమి చూసి కూడా పట్టలేకపోయాం. మీరెలా కనిపెట్టారు?"

"కనిపెట్టేదానికి ఏముందమ్మా?" అన్నాడు నాయన. "నా బిడ్డ తప్పులు చూస్తాండె. నేను ఆ పాప నిజం చెప్తాండాదా లేదా అని చూసినా. అంతే." గొంతు సవరించుకున్నాడు. "నేనే ఒక మాట అడగాల. ఆఖరికి గొర్రిపిల్లను ఆ పాపకు ఇచ్చినారా లేదా? మా పాప ఎప్పుడూ పంచాయితీ కాడికే నిలిపేస్తాది. అయిదు రోజుల నుంచి అదే మనసులో ఉండాది."

అవతల ఆవిడ నవ్వింది. ఆ పొడి గొంతు ఎటుపోయిందో. "ఇచ్చారండీ. ఊరి పెద్ద పాప చేతికే ఇచ్చాడు."

నాయన ముఖం చేటంత అయింది. ఫోన్ పక్కన పెట్టి నా వైపు తిరిగాడు. నేను ఆ ఎపిసోడ్ అన్నిసార్లు చూసినదాన్ని, రాత్రి నాయన నిద్రపోయాక చివరి సీనులో ఆ పాప ఏడుస్తూ గొర్రెపిల్లను గుండెకు హత్తుకోవడం కూడా చూసినదాన్ని. ఆమె చేతికి ఎన్ని వేళ్లున్నాయో లెక్కపెట్టానే తప్ప ఎందుకు ఏడుస్తోందో చూడలేదు. ఉద్యోగం వచ్చిందని చెప్పాలి. ఇక టీ అంగడిలో ఎవరికీ ఏ అబద్ధమూ చెప్పక్కర్లేదని చెప్పాలి. మా నాయన ఎంతటివాడో మా నాయనకే చెప్పాలి. కళ్లు నిండిపోయాయి నాకు.

"ఇచ్చినారంట మే," అన్నాడు నాయన, నాకు తెలియదేమోనని.